పదే పది... నిమిషం టైమ్!

ఆన్‌లైన్ పరీక్ష గట్టెక్కారు. 1.6 కిలోమీటర్ల పరుగూ పూర్తిచేశారు. తీరా పది పుషప్స్ దగ్గర బోల్తా పడితే? వాయుసేన, నౌకాదళం సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లలో ఆ భయం చాలామందికి ఉంటుంది. దానికి మందు కండల్లో ఎంత ఉందో గడియారంలోనూ అంతే ఉంది!

తెల్లవారుజాము అయిదు గంటలు. ఊరి చివర హైస్కూలు గ్రౌండు. మంచు ఇంకా విడలేదు. నాలుగు రౌండ్లు పరిగెత్తి వచ్చిన కుర్రాళ్లు పదిమంది రొప్పుతూనే వరసగా నేలమీద బోర్లా వాలారు. 'ఒకటి... రెండు... మూడు...' లెక్క రోడ్డు మీదికి వినపడుతోంది. పాలకేంద్రానికి క్యాను తీసుకెళ్తున్న పెద్దాయన సైకిలు ఆపి చూస్తాడు.

'ఎన్ని తీశావురా?'

'ముప్ఫై తాతా!'

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ముప్ఫైసార్లు కిందికీ పైకీ ఊగిన మాట నిజమే. కానీ సెలక్షన్లో లెక్కపెట్టే ఉద్యోగి ఆ పక్కన నిలబడి ఉంటే... వాటిలో ఆరో ఏడో మాత్రమే దక్కేవి. మిగతావన్నీ సగం వరకే దిగినవి, నడుము జారినవి, మోచేతులు పూర్తిగా చాపకుండానే మళ్లీ వంచినవి.

శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా ఇలాంటి గ్రౌండ్లకు లోటు లేదు. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికైతే ఏకంగా 'మిలటరీ మాధవరం' అనే పేరే స్థిరపడింది. సెలవుకు వచ్చిన జవాను ఉన్న ఊళ్లో కుర్రాళ్లకు తప్పొప్పులు చెప్పేవాళ్లు ఉంటారు. లేని ఊళ్లో? ఎవరికి తోచినట్టు వాళ్లు తీయడమే!

ఎవరికి ఎన్ని?

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. సైన్యం ర్యాలీకి వెళ్లేవాళ్లకు ప్రధానమైనవి 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్. బీమ్ అంటే కమ్మీ పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా లేవడం. అక్కడ పుషప్స్‌కు మార్కుల్లేవు. పుషప్స్ అడిగేది వాయుసేన, నౌకాదళం.

వాయుసేన అగ్నివీర్‌వాయు ఎంపికలో ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం అబ్బాయిలు 1.6 కిలోమీటర్లను 7 నిమిషాల్లో పరిగెత్తాలి. పది నిమిషాల విరామం. తర్వాత నిమిషంలో 10 పుషప్స్. రెండు నిమిషాలు ఆగి నిమిషంలో 10 సిటప్స్. మరో రెండు నిమిషాలాగి నిమిషంలో 20 స్క్వాట్స్, అంటే మన బస్కీలు. అమ్మాయిలకు ఇక్కడ పుషప్స్ లేవు. నౌకాదళంలో మాత్రం ఎస్ఎస్ఆర్ అగ్నివీరులకు అబ్బాయిలైతే 15, అమ్మాయిలైతే 10 పుషప్స్ తీయాలి. ఈ అంకెలు మధ్యమధ్యలో మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసిన నోటిఫికేషన్‌నే ప్రమాణంగా పెట్టుకోవాలి. నిరుడు వెళ్లొచ్చిన స్నేహితుడి మాటను కాదు.

పదే కదా అనిపిస్తుంది. అనిపించడమే ప్రమాదం! ఈ రెండుచోట్లా ముందు ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లిష్ పుస్తకాలతో నెలల తరబడి కుస్తీ పట్టి, ఎంతోమందిని దాటుకుని వచ్చినవాళ్లకే ఆ నేల మీద చేతులు ఆన్చే అవకాశం. అప్పటికి ఇంట్లో కోచింగ్ ఫీజుకు తెచ్చిన అప్పు ఒకటి నడుస్తూ ఉంటుంది. పైగా వయసు గడువు. అగ్నిపథ్ మొదలైన 2022లో పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్లుగా పెట్టారు. ఆ ఒక్క ఏడాదికి మాత్రం ఇరవై మూడుకు పెంచారు. ఒకసారి తప్పితే మళ్లీ రావచ్చన్న ధీమా అందరికీ ఉండదు. ఇరవయ్యో ఏట పదో పుషప్ దగ్గర చేతులు వణికిన కుర్రాడికి ఆ ఒక్కటీ ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

ఆరు సెకన్లు మీవే

నిమిషానికి అరవై సెకన్లు. తీయాల్సినవి పది. అంటే ఒక్కోదానికి ఆరు సెకన్లు! ఈ చిన్న భాగహారం చాలామంది చేయరు. విజిల్ వినపడగానే ఎవరో తరుముతున్నట్టు మొదలుపెడతారు. పది సెకన్లలో పదీ లాగించేస్తారు. అందులో నాలుగు లెక్కలోకి రావు. మళ్లీ తీయాలి. అప్పటికే చేతులు బరువెక్కి ఉంటాయి, గుండె దడదడలాడుతుంటుంది, పక్కవాడు లేచి నిలబడి ఉంటాడు. కంగారులో అయిదోది కూడా పోతుంది.

నిదానంగా దిగితే రెండు సెకన్లు. పైకి రావడానికి ఒక సెకను. పైన చేతులు చాపి ఊపిరి తీసుకోవడానికి ఇంకో సెకను. నాలుగు సెకన్లలో ఒకటి శుభ్రంగా అయిపోతుంది. పదికి నలభై. ఇంకా ఇరవై సెకన్లు చేతిలో మిగిలే ఉంటాయి. నౌకాదళం పదిహేనుకు సాధన చేసేవాళ్లు కూడా వేగం కన్నా ముందు ఇదే వరస అలవాటు చేసుకోవాలి. ఇంట్లో గోడగడియారం సెకన్ల ముల్లు చూస్తూ నాలుగు రోజులు తీస్తే ఆ లయ ఒంటికి పట్టేస్తుంది.

లెక్కకొచ్చేది ఏది?

అరచేతులు భుజాలకన్నా కాస్త ఎడంగా, వేళ్లు ముందుకి. తల నుంచి మడమ దాకా ఒంట్లో ఎక్కడా వంపు ఉండకూడదు. ఛాతీ నేలకు దగ్గరగా దిగాలి. పైకి వచ్చాక మోచేతులు పూర్తిగా చాపాలి. దిగేటప్పుడు ఊపిరి లోపలికి, లేచేటప్పుడు బయటికి. చెప్పడానికి ఇంతే.

చేసేటప్పుడే తెలుస్తుంది తంటా. నాలుగోది దాటగానే నడుము ఉయ్యాలలా కిందికి జారుతుంది. జారకుండా చూసుకుంటే పిరుదులు గుడారంలా పైకి లేస్తాయి. ఛాతీ దిగనే దిగదు... కోడి గింజలేరినట్టు మెడ ఒక్కటే వంగుతుంది! తీసేవాడికి మాత్రం మొత్తం దిగినట్టే అనిపిస్తుంది. అందుకే అద్దం కన్నా, సెల్‌ఫోన్ కన్నా ముందు కావలసింది మొహమాటం లేని మనిషి. చెల్లెలో తమ్ముడో ఉంటే మేలు. స్నేహితులు సర్దుకుపోతారు, వీళ్లు సర్దుకోరు. ఛాతీ కింద నేలమీద పిడికిలి పెట్టమనాలి. దానికి తగిలితేనే ఒకటి. తగలకపోతే అదే అంకె మళ్లీ చెప్పాలి. వీపుమీద పొడుగ్గా కర్ర పెట్టినా సరే. తల వెనక, భుజాల మధ్య, నడుము కింద మూడుచోట్లా అది ఆని ఉంటే ఒళ్లు నిటారుగా ఉన్నట్టు. ఎక్కడ లేచినా తప్పు అక్కడే.

మోచేతుల సంగతి వేరే చెప్పాలి. రెండు పక్కలకూ రెక్కల్లా బార్లా చాపి దిగితే మొదట్లో తేలిగ్గా ఉంటుంది కానీ, భుజం కీలు మీద భారం పడుతుంది. కాస్త వెనక్కి, బాణం మొనలా ఉంచితే భుజాలు పదికాలాలు ఉంటాయి.

తాత దండీలు వేరు

'పుషప్సా? మా రోజుల్లో దండీలు వందలు తీసేవాళ్లం' అనే తాతలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. ఊరికో తాలింఖానా ఉన్న రోజులవి. దండీలు, బస్కీలు, గరిడీ... సాయంత్రమైతే మట్టి వాసనా, నూనె వాసనా. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ పెట్టి 'కలియుగ భీముడు' అనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడిది ఆ మట్టే.

అయితే తాత చెప్పే దండీ, సెలక్షన్లో అడిగే పుషప్ ఒకటి కాదు. దండీలో నడుము పైకెత్తి, తల కిందికి దించి, నేలను రాసుకుంటూ ముందుకు దూసుకెళ్లి, పాము పడగలా ఛాతీ లేపుతారు. ఒళ్లంతా కెరటంలా కదులుతుంది. పుషప్‌లో ఒళ్లు కదలకూడదు, బల్లచెక్కలా ఉండాలి. దండీలు బాగా అలవాటైన కుర్రాడు తెలియకుండానే నడుము ఊపేస్తాడు. ఎంత బలం ఉన్నా లెక్కకు రాదు. భుజాలు వదులవడానికి పొద్దున్నే నాలుగు దండీలు తీయండి, తప్పులేదు. తాతా సంతోషిస్తాడు. పరీక్ష సాధన మాత్రం విడిగా చేయాల్సిందే.

గోడ నుంచి అరుగు... అరుగు నుంచి నేల

'ఒక్కటి కూడా రావట్లేదు' అని సిగ్గుపడే పిల్లలు బోలెడుమంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వ్యాయామ శాస్త్రవేత్తలు చేతుల కింద బరువు తూచే పరికరాలు పెట్టి కొలిచారు. మామూలు పుషప్‌లో చేతులమీద పడేది మన బరువులో దాదాపు 64 శాతం. 60 కిలోల కుర్రాడైతే సుమారు 38 కిలోలు. అంటే బియ్యం సిప్పంన్నర! ఎప్పుడూ ఎత్తని బరువును మొదటిరోజే పదిసార్లు ఎత్తమంటే చేతులు ఒప్పుకోకపోవడంలో వింతేముంది?

ఆ కొలతల్లోనే ఉపాయమూ ఉంది. చేతులు రెండడుగుల ఎత్తులో ఆన్చితే వాటిమీద పడే బరువు 41 శాతానికి తగ్గుతుంది. అడుగు ఎత్తులో 55 శాతం. మోకాళ్లు నేలకు ఆన్చి తీస్తే 49 శాతం. దీనికి జిమ్ము అక్కర్లేదు. ఇంటిముందు అరుగు ఉంది, గుమ్మం మెట్లు ఉన్నాయి. కదలని బెంచీ అయినా ఫర్వాలేదు. నులకమంచం మాత్రం వద్దు, జారుతుంది.

మొదట గోడకు చేతులానించి పదిహేను, ఇరవై. అవి ఆడుతూ పాడుతూ వస్తుంటే అరుగు. అరుగుమీద పన్నెండు శుభ్రంగా తీయగలిగితే ఒక మెట్టు కిందికి. అలా మెట్టు మెట్టుకీ దిగుతూ రావాలి. పైకి ఎక్కడం విజయం అనుకునే లోకంలో ఇక్కడ మాత్రం దిగడమే విజయం!

ఆఖరి మెట్టు నుంచి నేలకు వచ్చే దగ్గర చాలామంది ఆగిపోతారు. అక్కడ ఇంకో చిట్కా పనిచేస్తుంది. దిగడం మాత్రమే చేయాలి. చేతులు చాపిన స్థితి నుంచి మనసులో అయిదు లెక్కపెడుతూ నెమ్మదిగా నేలమీదికి రావాలి. లేచేటప్పుడు మోకాళ్లు ఆన్చుకుని లేవచ్చు. లేపలేని బరువును కూడా నిదానంగా దించగల శక్తి కండరానికి ఉంటుంది. దించడం వచ్చాక లేపడం దానంతటదే వస్తుంది. రోజుకు ఇలాంటివి అయిదారు మూడు విడతలుగా చేస్తే, కొన్ని వారాల్లో మొదటి అసలైన పుషప్ పడుతుంది.

బరువు ఎక్కువున్న కుర్రాళ్లకు ఒక మాట. 78 కిలోలవాడు ప్రతిసారీ 50 కిలోలు లేపుతున్నట్టు. ఆరేడు కిలోలు తగ్గితే నాలుగు కిలోలపైన చేతులమీంచి దిగిపోతుంది. పరుగుకూ అదే లాభం.

రోజూ కాదు... వారానికి మూడు

కుర్రతనం కదా, నోటిఫికేషన్ పడగానే రోజూ వంద తీసేయాలనిపిస్తుంది. కండరం బలపడేది తీసేటప్పుడు కాదు, తీశాక విశ్రాంతిలో. సోమ, బుధ, శుక్రవారాలు చాలు. ఒక్కోరోజు నాలుగైదు విడతలు. ప్రతి విడతలోనూ తన శక్తికి ఒకటి రెండు తక్కువగానే ఆపేయాలి. ఆరు వచ్చేవాడు నాలుగు నాలుగు తీయాలి. విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాలు. ఆదివారం మాత్రం శుభ్రంగా ఎన్ని వస్తాయో ఒకేఒక్కసారి చూసుకుని క్యాలెండర్ మీద రాసుకోవచ్చు. గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే ఆ అంకె కూడా ఉంటుంది. ఇంట్లో అందరికీ కనపడుతుంది.

మొదటి రెండుమూడు వారాల్లో అంకె గబగబా పెరుగుతుంది. అది కండ పెరిగి కాదు. ఉన్న కండరాన్ని ఎలా వాడుకోవాలో నరాలు నేర్చుకుంటాయి. తర్వాత కొన్నాళ్లు కదలదు. అక్కడే నిరాశపడి మానేస్తారు చాలామంది. కండ నిజంగా పెరగడానికి రెండు నెలలైనా పడుతుంది. అందుకే హాల్‌టికెట్ వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టినరోజే మొదలుపెట్టాలి.

తాజాగా ఉన్నప్పుడు ఇరవై చక్కగా వస్తున్నాయంటే పరుగు తర్వాత పదికి బెంగలేదు. నౌకాదళానికైతే పాతిక దాకా వెళ్తే మంచిది. అప్పుడే అసలు రిహార్సల్ మొదలు. వారానికొకసారి పరీక్ష వరసలోనే చేయాలి. 1.6 కిలోమీటర్ల పరుగు. గడియారం చూసి పది నిమిషాలు. కూలబడిపోకుండా నడుస్తూ, మణికట్లు, భుజాలు తిప్పుకుంటూ ఊపిరి నెమ్మదించుకోవాలి. తర్వాత పది పుషప్స్. రెండు నిమిషాలు. సిటప్స్. రెండు నిమిషాలు. బస్కీలు. విడివిడిగా అన్నీ వచ్చినవాడికి కూడా మొదటిసారి ఈ వరస చుక్కలు చూపిస్తుంది. ఆ చుక్కలేవో ఊరి గ్రౌండులోనే చూడటం నయం.

తిండి గురించి పెద్ద హడావుడి అక్కర్లేదు. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, గుప్పెడు వేరుశనగల్లో మరో ఏడు, అరలీటరు పాలల్లో పదహారు దాకా ఉంటాయి. పప్పు, సెనగలు, చేప ఉండనే ఉన్నాయి. డబ్బాల్లో పొడులు కొనలేదని ఏ తల్లీ బాధపడాల్సిన పనిలేదు.

వంద పందెం వద్దు!

'వంద తీస్తే బిర్యానీ' అని పందేలు కాస్తారు కుర్రాళ్లు. అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా అలా హింసపెడితే కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థాలు రక్తంలోకి చేరి మూత్రపిండాలమీద పడతాయి. డాక్టర్లు దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. చేతులు విపరీతంగా వాచి, పైకెత్తలేని నొప్పి వచ్చి, మూత్రం కషాయం రంగులోకి మారితే ఒళ్లునొప్పులని కాపడం పెట్టుకుంటూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎండలో, నీళ్లు తాగకుండా చేసేవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మన ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కాక సాధన చేయనేకూడదు.

నొప్పి తెలియకుండా ఇంజెక్షన్, దమ్ము రావడానికి మాత్ర అని చెవిలో ఊదేవాళ్లూ ఉంటారు. దొరికితే అనర్హత వేటు. దొరక్కపోతే గుండెకూ మూత్రపిండాలకూ చేటు. రెండూ నష్టమే.

ఇంకో ముఖ్యమైన పని, చాలామంది ఆఖర్న చేసేది, మొదట్లోనే చేసుకోవాలి. ఓసారి డాక్టరుకు చూపించుకోవడం. చేయి చాపి నిలబడితే మోచెయ్యి దగ్గర మరీ బయటికి వంగి ఉన్నా, మోకాళ్లు రాసుకుంటున్నా, అరికాలు చదునుగా ఉన్నా వైద్యపరీక్షలో ఇబ్బందే. చూపు, చెవి, పళ్లు కూడా. ఆరు నెలలు చెమటోడ్చాక తెలియడం కన్నా, ముందే తెలిస్తే ఇంకో దారి చూసుకోవచ్చు.

అమ్మాయిలకు అడ్డు ఎక్కడ?

నౌకాదళానికి వెళ్లాలనుకునే అమ్మాయికి పది పుషప్స్ అసాధ్యమేమీ కాదు. అబ్బాయిలతో పోలిస్తే పైభాగం కండ సహజంగా కాస్త తక్కువ కాబట్టి గడువు ఇంకాస్త ఎక్కువ పెట్టుకోవాలి. అరుగు, మెట్లు, దిగుడు, నేల... దారి అదే. మోకాళ్లు ఆన్చి తీసేవి మధ్యలో మెట్టుగా పనికొస్తాయి. పరీక్షకు అలాగే వెళ్తానంటే కుదరదు.

అసలు అడ్డు వేరేచోట ఉంది. తెల్లవారుజామున ఊరి గ్రౌండుకు ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి ఇంట్లో జంకుతారు. పంపినా చుట్టూ చూసే కళ్లు. పుషప్స్‌కు ఒక సౌలభ్యం ఉంది. మనిషి నిడివి చోటు చాలు. డాబామీద, వసారాలో, తలుపేసుకుని గదిలో ఎక్కడైనా అవుతుంది. పరుగుకు మాత్రం గ్రౌండు తప్పదు. నాన్నో అన్నయ్యో సైకిలు వేసుకుని పక్కన వెళ్లే ఇళ్లూ ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు జట్టుగా వెళ్తే ఆ అవసరమూ తగ్గుతుంది.

ముందురోజు

సెలక్షన్‌కు మూడు రోజులుందనగా పుషప్స్ ఆపేయాలి. ఈ మూడు రోజుల్లో కొత్తగా వచ్చే బలమేమీ ఉండదు, ఉన్నది అలసిపోకుండా చూసుకోవాలంతే. ముందురోజు రాత్రి రైల్లోనో బస్టాండులోనో గడిచిపోయేవాళ్లు ఎక్కువ. వీలైతే ఒకరోజు ముందే చేరి కంటినిండా నిద్రపోవాలి. కొత్తచోట నూనె బజ్జీలు, రోడ్డుపక్క నీళ్లు వద్దు. పొద్దున్నే రెండు అరటిపళ్లో, నాలుగు ఇడ్లీలో, పరుగుకు కనీసం గంటన్నర ముందు. వేసుకునే బూట్లు, టీషర్టు పాతవే ఉండాలి. వదులుగా వేలాడే టీషర్టు నేలను తాకి ఛాతీ దిగిందీ లేనిదీ కనపడనివ్వదు, కాబట్టి ఒంటికి పట్టి ఉండేది నయం.

పరుగయ్యాక ఎవరి టైము ఎంతో వాకబు చేస్తూ ఆ పది నిమిషాలూ పోగొట్టుకోకూడదు. రెండు గుక్కల నీళ్లు. చేతులకు అంటిన చెమట, దుమ్ము తుడుచుకోవడం. విజిల్ పడ్డాక మొదటి పుషప్‌ను అన్నిటికన్నా నిదానంగా తీయాలి. లెక్కపెట్టే ఆయన నోట 'ఒకటి' అని వినపడ్డాకే రెండోదానికి దిగాలి. ఆయన అంకె దాటలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. వాదించకుండా నడుము సర్దుకుని ఇంకాస్త కిందికి దిగడమే. టైము ఉంటుంది.